సమానత్వ కమిటీకి కన్వీనర్‌గా వేశారు, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థమవుతుంది. మీరు హైదరాబాద్‌లో ఒక వైద్య పరిశోధన సంస్థలో సైంటిస్ట్. మీ డైరెక్టర్ గారు 'ఈక్విటీ, డైవర్సిటీ, ఇన్‌క్లూజన్' పేరుతో ఒక కమిటీ వేసి మిమ్మల్ని కన్వీనర్‌ని చేశారు, ఏడాదికి కొంత బడ్జెట్ ఇచ్చారు. బయటి ట్రైనర్‌తో వర్క్‌షాప్, మహిళా దినోత్సవానికి ఒక ప్రసంగం, కారిడార్‌లో పోస్టర్లు, ఇప్పటిదాకా వచ్చిన సూచనలు ఇవే. వీటితో ఏమైనా మారుతుందా అని మీ మొదటి ప్రశ్న. 'ఇదంతా మెరిట్‌ను దెబ్బతీస్తుంది' అంటున్న సీనియర్లకు ఏం చెప్పాలన్నది రెండోది.

నేను కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్‌ని. పాతికేళ్ళకు పైగా ఊళ్ళలో, బస్తీల్లో ఆరోగ్య సర్వేలు, ట్రయల్స్ నడిపాను. సెలక్షన్ కమిటీల్లోనూ, పరిశోధనలో పాల్గొనేవాళ్ళకు అన్యాయం జరగకుండా ప్రతిపాదనలను పరిశీలించే ఎథిక్స్ కమిటీల్లోనూ కూర్చున్నాను. నా సలహా సూటిగా ఇది: మీ సంస్థలో ప్రాజెక్ట్ సిబ్బంది దగ్గర మొదలుపెట్టండి. పర్మనెంట్ సైంటిస్టుల సంగతి దాని తర్వాత చూడొచ్చు. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

మన దేశంలో వైద్య పరిశోధన నడిచేది ప్రాజెక్టుల మీద. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగేది, రక్తం తీసేది, ఐస్‌బాక్సులు మోసేది, డేటా ఎంట్రీ చేసేది, సమ్మతి పత్రం చదివి వినిపించేది అందరూ ఆరు నెలలకో ఏడాదికో కాంట్రాక్టు రెన్యువల్ అయ్యే మనుషులు. వీళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, తెలుగు మీడియంలో చదివినవాళ్ళు, ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్ళు, ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాల పిల్లలు ఎక్కువ. పైన సైంటిస్ట్ పోస్టుల్లో మనం వెతుక్కునే వైవిధ్యం కింద అప్పటికే ఉంది. ఉన్నవాళ్ళు రెండేళ్ళకో మూడేళ్ళకో వెళ్ళిపోతుంటారు, ఆ ఖాళీలోకి కొత్తవాళ్ళు వస్తుంటారు. ఎవరు ఎందుకు వెళ్ళారో ఏ ఫైల్లోనూ ఉండదు. వార్షిక నివేదికలో 'మొత్తం సిబ్బంది' అని ఇచ్చే పట్టికలో చాలాచోట్ల వీళ్ళ లెక్కే కనపడదు.

కాబట్టి కమిటీ మొదటి పని లెక్క తీయడం. గత 5 ఏళ్ళలో మీ సంస్థలో ప్రాజెక్టుల మీద చేరినవాళ్ళెందరు, వెళ్ళినవాళ్ళెందరు, ఎన్ని నెలలున్నారు, ఆడా మగా, ఏ కేటగిరీ, వికలాంగులా, ఏ జిల్లా నుంచి వచ్చారు, ఏ పోస్టులో చేరి ఏ పోస్టులో వెళ్ళారు. ఈ వివరాలు ముక్కలు ముక్కలుగా అకౌంట్స్ సెక్షన్‌లో, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో, ఒక్కో పీఐ (ప్రాజెక్ట్ నడిపే ప్రధాన పరిశోధకుడు) దగ్గర ఉంటాయి. అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్ళ వివరాలు ఏజెన్సీ దగ్గరే ఉండిపోతాయి, అడిగి తెప్పించాలి. విసుగు పుట్టించే పనే. కానీ ఈ ఒక్క పట్టిక డైరెక్టర్ గారి టేబుల్ మీద పెడితే వర్క్‌షాప్ గురించి చర్చ దానంతటదే పక్కకు పోతుంది.

కులం వివరాలు అడిగేటప్పుడు జాగ్రత్త అవసరం. పేరుతో సహా ఫారం నింపమంటే చాలామంది భయపడతారు, భయపడటం సబబే. పేర్లు లేకుండా, మొత్తం సంస్థ స్థాయిలోనే లెక్క చూపించండి. ఏ గడిలోనైనా ఐదుగురి కంటే తక్కువ ఉంటే అంకె వేయకండి, లేకపోతే ఆ మనిషి ఎవరో అందరికీ తెలిసిపోతుంది. రోగుల డేటాకు మనం పాటించే గోప్యత నియమాలే సహోద్యోగుల డేటాకూ వర్తిస్తాయి.

రిజర్వేషన్ విషయంలో ఒక మాట చాలామంది పీఐలకు తెలియదు. కేంద్ర ప్రభుత్వ విభాగాల్లో 45 రోజులు, అంతకు మించిన తాత్కాలిక నియామకాలకు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ వర్తిస్తుందని కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ (డీఓపీటీ) ఉత్తర్వులు ఎంతోకాలంగా ఉన్నాయి. 2022 నవంబర్‌లో అన్ని మంత్రిత్వ శాఖలకూ మళ్ళీ గుర్తు చేశారు. పరిశోధన పోస్టులకు మినహాయింపు ఉంది కదా అంటారు. ఆ మినహాయింపు గ్రూప్-ఏలో అట్టడుగు గ్రేడుకు పైనున్న శాస్త్ర సాంకేతిక పోస్టులకు, అదీ అనుమతి తీసుకున్నప్పుడు. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌కూ ల్యాబ్ టెక్నీషియన్‌కూ అది ఎలా వర్తిస్తుంది? మీ సంస్థకు ఈ ఉత్తర్వులు ఎంతవరకు వర్తిస్తాయో రిజర్వేషన్ల అమలు చూసే మీ లైజన్ ఆఫీసర్‌ను రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబొస్తుంది.

ఇక ప్రసూతి సెలవు. నేను పనిచేసిన ఒక చోట ఏడో నెల గర్భంతో ఉన్న ప్రాజెక్ట్ అసిస్టెంట్‌కు రెన్యువల్ ఆగిపోయింది. ఎవరూ ఆమెను తీసేయలేదు, కాగితం మీద తేదీ అయిపోయిందంతే. తెలివైన అమ్మాయి, పీహెచ్‌డీకి సిద్ధమవుతుండేది. మళ్ళీ పరిశోధనలోకి రాలేదు. అప్పట్లో 'ప్రాజెక్ట్ రూల్ అంతే' అని అందరూ అనుకున్నారు. ఇప్పుడు అలా అనుకోవడానికి వీల్లేదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు వచ్చింది. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే అర్హత ఉన్నట్టే. ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో కాంట్రాక్టు మీద పనిచేసిన పాథాలజిస్ట్ కేసులో 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకెళ్ళి, కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు మొత్తం ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. వచ్చే ప్రాజెక్ట్ బడ్జెట్ రాసేటప్పుడే మానవ వనరుల పద్దులో దీనికి డబ్బు చూపించాలి. నిధులిచ్చే సంస్థ ఒప్పుకోకపోతే ప్రాజెక్టుల నుంచి నిర్వహణ ఖర్చుల కింద మీ సంస్థకు వచ్చే డబ్బు (ఓవర్‌హెడ్స్) నుంచి ఒక చిన్న ఉమ్మడి నిధి పెట్టొచ్చు. పీఐ మీద భారం పడనప్పుడు గర్భవతిని తీసుకోవడానికి పీఐ వెనకాడడు. ఇది మనసులు మార్చే సమస్య కంటే పద్దు సమస్య, అందుకే తొందరగా పరిష్కారమవుతుంది.

మీ సీనియర్ల మెరిట్ ప్రశ్నకు జవాబు కూడా ఈ ప్రాజెక్ట్ సిబ్బంది దగ్గరే దొరుకుతుంది. ఒక ఉదాహరణ చెప్తాను. షుగర్ జబ్బు మీద ఒక సర్వేలో ఫాస్టింగ్ రక్తం కోసం ఉదయం ఎనిమిదింటికి క్యాంపు పెట్టాలని మేం ప్లాన్ చేశాం. ఆ మండలానికే చెందిన ఫీల్డ్ వర్కర్ ఒకామె చెప్పింది: 'మేడం, ఇప్పుడు నాట్లు. ఎనిమిదింటికి కూలి ఆడవాళ్ళు ఒక్కరూ ఊళ్ళో ఉండరు. వచ్చేది ముసలివాళ్ళు, ఇళ్ళలో ఉండేవాళ్ళే.' క్యాంపును తెల్లవారుజామున ఐదున్నరకు మార్చాం. ఆమె నోరు విప్పకపోతే ఏమయ్యేది? మా శాంపిల్‌లో కూలి పనికి వెళ్ళే వయసు ఆడవాళ్ళు తగ్గిపోయేవాళ్ళు, జబ్బు శాతం తప్పు వచ్చేది, ఆ తప్పు అంకెతో మేం పేపర్ రాసేవాళ్ళం. ఎంత పెద్ద స్టాటిస్టిషియన్ కూర్చున్నా ఆ తప్పును డేటాలోంచి కనిపెట్టడం కష్టం. ఆ మాట చెప్పే ధైర్యం ఆమెకు ఎందుకొచ్చిందంటే వారానికోసారి ఫీల్డ్ మీటింగ్ తెలుగులో జరిగేది, ముందు వాళ్ళే మాట్లాడేవాళ్ళు. మీ సంస్థలో ఆ మీటింగ్ ఏ భాషలో జరుగుతుందో, ఎవరు ముందు మాట్లాడతారో ఒకసారి గమనించండి.

దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగిన సంగతి మన దగ్గరే ఉంది. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్ట్ అది. గుజరాత్‌లోని వడోదరలో కూడా జరిగింది. ఖమ్మంలో దాదాపు 14 వేల మంది పిల్లలు, వాళ్ళలో చాలామంది ఆదివాసీ ఆశ్రమ పాఠశాలల వాళ్ళు. కొందరు పిల్లలు చనిపోయిన వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్ట్ ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలు చెప్పాయి. కానీ పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో సమ్మతి పత్రాల సంగతి బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. 1,948 మీద వేలిముద్రలున్నాయి.

హాస్టల్ వార్డెన్ చెడ్డవాడని నేను అనను. పైనుంచి ఆర్డర్ వస్తే సంతకం పెట్టడం అతని ఉద్యోగంలో భాగం. ఆ ప్రాజెక్ట్ నడిపిన చోట పెద్ద చదువులకు కొదవలేదు. లేనిది, 'ఈ పిల్లల అమ్మానాన్నలు ఫలానా గూడెంలో ఉంటారు, అక్కడికి పోయి వాళ్ళ భాషలో చెప్పి రావాలి, దానికి ఇన్ని రోజులు పడుతుంది' అని టైమ్‌టేబుల్ రాసే దశలోనే పట్టుబట్టగల మనిషి. అలాంటి మనుషులు కింది స్థాయిలో ఏఎన్ఎంలుగా, టీచర్లుగా ఉన్నారు. నిర్ణయం తీసుకునే గదిలో లేరు. దాని ఫలితంగా ఎంతో విలువైన ఒక టీకా మీద మన దేశంలో అనుమానం ఏళ్ళ తరబడి వెంటాడింది. వైవిధ్యం లేకపోతే వచ్చే నష్టం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ముందు భద్రాచలం పేరే చెప్తాను.

అందుకే ఎథిక్స్ కమిటీ మీద కూడా మీ కమిటీ దృష్టి పెట్టాలి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది సంస్థకు బయటివాళ్ళై ఉండాలి, ఒక మహిళ, ఒక సామాన్య వ్యక్తి తప్పనిసరి. చాలాచోట్ల ఆ సామాన్య వ్యక్తి స్థానం ఎవరో తెలిసిన రిటైర్డ్ ఆఫీసర్‌తో నింపుతారు. నియమం నెరవేరుతుంది, ట్రయల్‌లో చేరే మనుషుల గొంతు మాత్రం వినపడదు. ఇద్దరిని పెట్టండి. ఒకరు మీ అధ్యయనాలు జరిగే బస్తీ నుంచో ఊరి నుంచో వచ్చే స్వయం సహాయక సంఘం సభ్యురాలో, ఆశా కార్యకర్తగా చేసి మానేసిన వ్యక్తో అయితే మంచిది. ఆమెకు కాగితాలు తెలుగులో వారం ముందు చేరాలి. సిట్టింగ్ ఫీజు, దారి ఖర్చు మిగతా సభ్యులతో సమానంగా ఇవ్వాలి. మొదటి రెండు మీటింగుల్లో ఆమె మాట్లాడకపోవచ్చు. ఛైర్మన్ గారు పేరు పెట్టి, గౌరవంగా ముందు ఆమె అభిప్రాయమే అడగడం అలవాటు చేసుకుంటే మూడో మీటింగ్‌కు మాట్లాడుతుంది. మాట్లాడినప్పుడు మనకు తట్టని ప్రశ్నే అడుగుతుంది.

మెరిట్ గురించి శాస్త్రపరంగా కూడా గట్టి జవాబులున్నాయి. మీ సీనియర్లు డాక్టర్లో, బయాలజిస్టులో అయితే వీటిని కాదనలేరు.

మన ఆర్యవైశ్యుల సంగతే తీసుకోండి. మత్తు డాక్టర్లు స్కోలిన్ అని పిలిచే సక్సినైల్‌కోలిన్ ఇస్తే కండరాలు కొద్ది నిమిషాలు సడలి మళ్ళీ మామూలవుతాయి. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ళకు గంటల తరబడి ఊపిరి సొంతంగా అందదు, వెంటిలేటర్ మీద ఉంచాలి. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్ళ కంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో రాశారు. తరతరాలుగా ఒకే సమూహంలో పెళ్ళిళ్ళు జరగడం దీనికి కారణం. ఇలాంటి సమూహాలు మన దేశంలో వేలున్నాయి. 'ఇండియన్ శాంపిల్' అని ఒక నగరంలో ఒక కార్పొరేట్ ఆస్పత్రికి వచ్చేవాళ్ళ రక్తం తీసుకుంటే వీళ్ళలో ఎందరు కనపడతారు?

పల్స్ ఆక్సీమీటర్ కథ కూడా చెప్పండి. కోవిడ్‌లో ప్రతి ఇంట్లో వేలికి పెట్టుకున్నాం. 2020 డిసెంబర్‌లో అమెరికా నుంచి వచ్చిన విశ్లేషణలో, పరికరం 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా రక్తంలో నిజమైన ఆక్సిజన్ 88 కంటే తక్కువున్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్ళలో 3.6 శాతం అని తేలింది. చర్మం రంగు తేడాను పరికరం తయారుచేసే దశలో తగినంత పరీక్షించకపోవడమే దీనికి మూలం. మన వరి పొలాల్లో పనిచేసే మనిషి వేలికి పెట్టే పరికరం గురించి కూడా అదే ప్రశ్న అడగాలి కదా. ఆడవాళ్ళ విషయంలో చూస్తే, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1977లో గర్భం దాల్చగల వయసు స్త్రీలను తొలి దశ ట్రయల్స్‌కు దూరంగా ఉంచమంది. 1993లో గానీ ఆ విధానం మార్చుకోలేదు. నిద్రమాత్ర జోల్పిడెమ్ డోసును స్త్రీలకు 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమని చెప్పడానికి 2013 దాకా పట్టింది. అన్నాళ్ళూ ఆడవాళ్ళు రెట్టింపు డోసు మింగారు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కదిలించేది గడ్చిరోలి. తెలంగాణకు ఆనుకుని మహారాష్ట్రలో ఉన్న జిల్లా. అక్కడ రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పేపర్ ప్రచురించారు. రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బు ఉంది. అంతకు ముందు పరీక్ష చేయించుకున్నవాళ్ళు 8 శాతమే. అప్పటిదాకా గ్రామీణ ఆడవాళ్ళ ఆరోగ్యం అంటే కాన్పు, కుటుంబ నియంత్రణ. తెల్లబట్ట గురించీ, నెలసరి నొప్పి గురించీ ఎవరూ పరిశోధన చేయలేదు, ఎందుకంటే అడగాల్సినవాళ్ళకు ఆ ప్రశ్నే తట్టలేదు. ఒక స్త్రీ వైద్యురాలు ఊళ్ళో ఉండి, ఆడవాళ్ళ మధ్య కూర్చుని విన్నాక ఆ ప్రశ్న పుట్టింది. పరిశోధనలో అన్నిటికంటే విలువైనది మంచి ప్రశ్న. అదెవరి జీవితంలోంచి వస్తుందో ముందే చెప్పలేం కాబట్టే రకరకాల జీవితాలు చూసినవాళ్ళు సంస్థలో ఉండాలి. ఇంతకంటే పెద్ద మెరిట్ వాదన నాకు తెలియదు.

ఇప్పుడు సెలక్షన్లు, ప్రమోషన్లు. మన దేశంలో శాస్త్ర సాంకేతిక రంగాల ఫ్యాకల్టీలో ఆడవాళ్ళు సుమారు 17 శాతమని శాస్త్ర రంగంలో ఆడవాళ్ళ ప్రాతినిధ్యాన్ని లెక్కగట్టే బయాస్‌వాచ్ ఇండియా చెప్తోంది. పీహెచ్‌డీల్లో వాళ్ళ వాటా ఇంతకంటే బాగా ఎక్కువ. మధ్యలో ఎక్కడో జారిపోతున్నారు. దీని మీద నేను చూసిన అధ్యయనాల్లో బాగా ఉపయోగపడేది కెనడాది. అక్కడి ఆరోగ్య పరిశోధన నిధుల సంస్థ 2014లో గ్రాంట్లను రెండు రకాలుగా విడదీసింది. ఒక రకంలో రివ్యూయర్లు ముఖ్యంగా ప్రతిపాదనలోని సైన్స్‌ను చూడాలి. రెండో రకంలో ముఖ్యంగా పరిశోధకుల స్థాయిని చూడాలి. దాదాపు 24 వేల దరఖాస్తులను విశ్లేషించి 2019లో లాన్సెట్‌లో ఫలితం ప్రచురించారు. సైన్స్‌ను చూసినప్పుడు ఆడవాళ్ళ విజయ శాతం మగవాళ్ళకంటే 0.9 పాయింట్లు తక్కువ. మనిషి స్థాయిని చూసినప్పుడు 4 పాయింట్లు తక్కువ. అంటే ఆడవాళ్ళ ఆలోచనలో లోపం లేదు, 'పెద్ద పేరు' అనే కొలతలోనే తేడా ఉంది.

దీన్నుంచి మీరు నేర్చుకోవాల్సింది సెలక్షన్ ఫారం మార్చడం. దరఖాస్తులు తెరవకముందే దేనికి ఎన్ని మార్కులో రాసి సంతకాలు పెట్టించండి. 'ఎవరి ల్యాబ్ నుంచి వచ్చారు' అనేదానికి మార్కులు వద్దు. చేయబోయే పని గురించి రెండు పేజీలు రాయించి పేర్లు తీసేసి ముందు దానికి మార్కులు వేయించండి. ఇంటర్వ్యూలో పెళ్ళి, పిల్లలు, భర్త ఉద్యోగం, ఎంట్రన్స్ ర్యాంక్, ఇంటిపేరు, సొంతూరు, వీటి మీద ప్రశ్నలు అడగకూడదని రాతలో ఉండాలి. ర్యాంక్ ఎంత అని అడగడం వెనక చాలాసార్లు కులం తెలుసుకునే ప్రయత్నం ఉంటుందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఇంగ్లిష్ ధారాళంగా రాని అభ్యర్థి తెలుగులో జవాబు చెప్తానంటే చెప్పనివ్వండి. నేను తీసుకున్న ల్యాబ్ టెక్నీషియన్లలో చేయి తిరిగినవాళ్ళు ఇంటర్వ్యూలో తడబడినవాళ్ళే.

కులం గురించి ఇంకో మాట. మన సంస్థల్లో లింగ వివక్ష గురించి మాట్లాడటం ఇప్పుడు కాస్త సులువైంది. కులం అనగానే గది నిశ్శబ్దమైపోతుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి మీద ప్రొఫెసర్ సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన వేసిన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. హాస్టల్ గదుల నుంచి వైవా మార్కుల దాకా వేరుగా చూడటాన్ని అది నమోదు చేసింది. ఆ నివేదిక మీ కమిటీ సభ్యులందరూ చదవాలి. చదివాక మన దగ్గర పరిస్థితి వేరని అనిపిస్తే, అలా అనుకోవడానికి ఆధారమేమిటో రాయమనండి. వెళ్ళిపోతున్న ప్రతి ప్రాజెక్ట్ సిబ్బందితో, ప్రతి పీహెచ్‌డీ విద్యార్థితో ఎగ్జిట్ ఇంటర్వ్యూ పెట్టండి. అది వాళ్ళ గైడ్‌గానీ ఆ విభాగం వాళ్ళుగానీ చేయకూడదు. రికమెండేషన్ లెటర్ చేతికి అందాకే ఆ ఇంటర్వ్యూ జరగాలి. అప్పుడే నిజం చెప్తారు.

వికలాంగుల విషయంలో 2016 చట్టం స్పష్టంగా ఉంది. ప్రభుత్వ నియామకాల్లో 4 శాతం రిజర్వేషన్, ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం. ల్యాబ్ బెంచ్ ఎత్తు, లిఫ్ట్, టాయిలెట్, ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తుందా, ఇవి ఒక మధ్యాహ్నంలో నడిచి చూసి రాసుకోగలిగే సంగతులు. చక్రాల కుర్చీ వాడే వ్యక్తినో, చూపు లేని వ్యక్తినో ఆ పనికి పిలిచి ఫీజు ఇవ్వండి.

ట్రాన్స్‌జెండర్ల విషయంలో హైదరాబాద్‌కే ఒక మంచి అనుభవం ఉంది. 2021లో నారాయణగూడలో మొదలైన మిత్ర్ క్లినిక్‌లో డాక్టర్లు, కౌన్సెలర్లు చాలామంది ఆ సముదాయం వాళ్ళే. ఎక్కడికీ వెళ్ళడానికి జంకేవాళ్ళు అక్కడికి వచ్చారు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వ నిధులు ఆగిపోవడంతో అది మూతపడింది, తర్వాత వేరే నిధులతో కొత్త పేరుతో మళ్ళీ తెరిచారు. అదే ఏడాది అమెరికాలో వైవిధ్యం పేరున్న ఎన్నో పరిశోధన గ్రాంట్లు రద్దయ్యాయి. నిధులిచ్చేవాళ్ళ ఇష్టం మీద నిలబడ్డ పని వాళ్ళ ఇష్టంతోనే పోతుంది. అందుకే మీరు సాధించే ప్రతిదాన్నీ సర్వీస్ రూల్స్‌లో, రిక్రూట్‌మెంట్ నిబంధనల్లో, ప్రాజెక్ట్ పని విధాన పత్రాల్లో (ఎస్ఓపీల్లో) ఎక్కించండి. డైరెక్టర్ మారినా అవి ఉంటాయి.

బ్రిటన్ అనుభవం గురించి మీ డైరెక్టర్ గారు అడగొచ్చు, ఎందుకంటే మన కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్టీ) సంస్థల్లో లింగ సమానత్వం కోసం 2020లో మొదలుపెట్టిన గతి కార్యక్రమానికి అదే నమూనా. అక్కడ ఆడవాళ్ళకు సమాన అవకాశాలిచ్చే విద్యాసంస్థలకు బ్రాంజ్, సిల్వర్ లాంటి అవార్డులిచ్చే అథీనా స్వాన్ అనే చార్టర్ 2005లో వచ్చింది. ఆరేళ్ళు నెమ్మదిగా నడిచింది. 2011లో అప్పటి చీఫ్ మెడికల్ ఆఫీసర్ సాలీ డేవిస్, సిల్వర్ అవార్డు లేని వైద్య విద్యాసంస్థలకు పెద్ద పరిశోధన నిధులు దొరకవని సూచించేసరికి అందరూ కదిలారు. పై స్థానాల్లో ఆడవాళ్ళు పెరిగారు. 2020లో కాగితాల భారం ఎక్కువైందని ఆ షరతు తీసేశారు. ఆ భారం మోసిందెవరంటే ఎక్కువగా ఆడవాళ్ళే. కమిటీ ఫైళ్ళు రాస్తూ వాళ్ళు తమ సొంత పేపర్లు రాయలేకపోయారు. ఇది మీకూ జరుగుతుంది. కన్వీనర్ పనికి మీ వార్షిక పనితీరు నివేదికలో స్పష్టంగా విలువ ఇవ్వమని, మీ ఇతర కమిటీ బాధ్యతలు ఒకటి రెండు తగ్గించమని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి. మొహమాటపడకండి. రెండేళ్ళకు కన్వీనర్ మారాలి, తర్వాతి వ్యక్తి సీనియర్ మగ సైంటిస్ట్ అయితే ఇంకా మంచిది.

కమిటీలో ఎవరుండాలో కూడా చెప్తాను. అకౌంట్స్ ఆఫీసర్, అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ తప్పనిసరి, ఎందుకంటే పైన రాసిన పనుల్లో సగం వాళ్ళ టేబుళ్ళ మీద జరగాలి. ప్రాజెక్ట్ సిబ్బంది నుంచి ఇద్దరు, వాళ్ళే ఎన్నుకున్నవాళ్ళు. ఆ ఇద్దరి కాంట్రాక్టు రెన్యువల్ కమిటీ కాలంలో వాళ్ళ పీఐ ఒక్కరి చేతిలో ఉండకూడదు, లేకపోతే నోరు మెదపరు.

చివరిగా బడ్జెట్. వర్క్‌షాప్ పెట్టాల్సిందేనని పైనుంచి ఒత్తిడి వస్తే పీఐలకు ఒక పూట చాలు, అదీ ప్రసూతి నిబంధనలు, రిజర్వేషన్ రోస్టర్, ఇంటర్వ్యూ ఫారం మీద. మిగతా డబ్బును ఫీల్డ్ ఆడవాళ్ళ మీద ఖర్చుపెట్టండి. దారి ఖర్చులు నెలాఖరుకు రీయింబర్స్ చేసే పద్ధతి మాని ముందే అడ్వాన్స్ ఇవ్వండి. రోజుకు రెండు బస్సులు, ఒక ఆటో మారే అమ్మాయి జీతం రాకముందే సొంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? ఫొటోతో ఐడీ కార్డు ఇవ్వండి, ఊళ్ళో ఎవరైనా నిలదీస్తే చూపించడానికి ఉంటుంది. తెల్లవారుజామున, చీకటి పడ్డాక పని ఉంటే వాహనం, తోడు ఏర్పాటు చేయండి. లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లు ఆ కార్డు వెనకే తెలుగులో ముద్రించండి. సమ్మతి పత్రం ఫైనల్ అయ్యే ముందు వాళ్ళతోనే ఊళ్ళో నలుగురికి చదివి వినిపించండి, అర్థం కాని చోట వాళ్ళు చెప్పినట్టు మార్చండి. కోయ గూడేల్లో పని ఉంటే కోయ మాట్లాడే వాళ్ళనే తీసుకోండి. పేపర్ రాసేటప్పుడు కృతజ్ఞతల్లో 'ఫీల్డ్ బృందం' అని ఒక్క మాటతో సరిపెట్టకుండా, వాళ్ళు ఒప్పుకుంటే పేర్లు వేయండి. అధ్యయనం రూపకల్పనలోనూ రాతలోనూ పాలుపంచుకున్నవాళ్ళకు రచయితగా స్థానం ఇవ్వండి. ఫలితాలు వచ్చాక ఊళ్ళోకి వెళ్ళి చెప్పి రావడానికి కూడా ఒక పద్దు ఉంచండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానంలో ఎన్నో బృందాలు రక్తం, మూత్రం, నీటి నమూనాలు తీసుకెళ్ళాయి. 'మా రక్తంలో ఏం తేలింది' అని అక్కడివాళ్ళు అడిగే ప్రశ్నకు ప్రతి సంస్థా జవాబు బాకీ ఉంది. మీ అధ్యయనాల్లో ఆ జవాబు తిరిగి తీసుకెళ్ళే పని, ముందు ఆ ఇంటి తలుపు తట్టిన ఫీల్డ్ వర్కర్‌కే అప్పగించండి, ఆ రోజు ఆమెతోపాటు పీఐ కూడా వెళ్ళాలి.